ప్రయోగం ముందా, పుస్తకం ముందా? ప్రాథమిక తరగతికి సరైన కృత్యం ఎంచుకోవడం

రేపటి పీరియడ్‌కి ఏ కృత్యం పెట్టాలా అని ముందురోజు రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చుంటే వందల వీడియోలు కనిపిస్తాయి. నురగ కక్కే అగ్నిపర్వతం, రంగులు మారే నీళ్లు, దారం మీద దూసుకుపోయే బెలూన్ రాకెట్. అన్నీ బాగానే ఉంటాయి. కానీ అవి కెమెరా ముందు ఒకరిద్దరు పిల్లలతో చేసినవి. మన ముందుండేది ముప్పై మంది. టేబుల్ దగ్గర టీచర్ చేస్తుంటే ముందు వరుస చూస్తుంది, వెనక వరుస బెంచీలెక్కి తొంగిచూస్తుంది, మధ్యలో ఉన్నవాళ్లు "నాకు కనిపించట్లేదు" అని గోల పెడతారు.

అందుకే ఏ కృత్యాన్నైనా ఎంచుకునే ముందు నేను మూడు సంగతులు చూస్తాను. ఒకే సమయంలో ఎన్ని చేతులు పనిలో ఉంటాయి? ఒక్కటి మార్చి మళ్లీ చేసి చూసే వీలుందా? పని అయ్యాక పిల్లలు చదవడానికీ రాయడానికీ ఏమైనా మిగులుతుందా? మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు, ఎందుకంటే టైంటేబుల్‌లో సైన్స్ ఒక గడిలో, భాష ఇంకో గడిలో ఉంటాయి. చిన్న తరగతుల్లో మాత్రం ఈ రెండింటినీ కలిపే ఎంచుకోవాలని గట్టిగా నమ్ముతాను. చేతులతో చేసినదాన్ని చదవాలి, చదివినదాన్ని చేతులతో చేయాలి.

అగ్నిపర్వతమా, నీళ్ల గిన్నా అంటే

వంటసోడా, వెనిగర్ కలిపితే కార్బన్ డయాక్సైడ్ వాయువు పుట్టి నురగ పొంగుతుంది. పిల్లలు కేకలు వేస్తారు, ఆ సంబరం మంచిదే. అయితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. "ఎందుకు పొంగింది?" అని అడిగితే ఒకటో తరగతి పిల్లల దగ్గర జవాబు ఉండదు, వాయువు కంటికి కనపడదు కాబట్టి. సంవత్సరం మొదట్లో ఆసక్తి పుట్టించడానికి ఒకసారి చేయండి. పాఠం నేర్పడానికి దీని మీద ఆధారపడకండి. తప్పనిసరిగా వాడాల్సి వస్తే సోడా ఒకే కొలతలో ఉంచి, వెనిగర్ ఒక చెంచా, రెండు చెంచాలు, మూడు చెంచాలుగా మార్చమనండి. అప్పుడు అది తమాషా స్థాయి దాటి ప్రయోగం అవుతుంది.

మునిగేవి, తేలేవి కృత్యం దీనికి పూర్తిగా భిన్నం. నలుగురికో నీళ్ల గిన్నె, అందులో వేయడానికి గోళీ, ఆకు, రబ్బరు, ఖాళీ సీసా మూత, మేకు, చెక్కముక్క. కావాల్సింది అంతే. కానీ ఊరికే వేసి చూడమంటే పది నిమిషాల్లో నీళ్లాటగా మారుతుంది. వేసే ముందు ఊహించి, రెండు గడుల పట్టికలో గుర్తు పెట్టమనాలి. ముందు ఊహ, తర్వాత పరిశీలన, చివర వివరణ అనే ఈ వరుసను సైన్స్ బోధనలో పరిశోధకులు రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టోన్ బాగా ప్రచారంలోకి తెచ్చారు. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన పిల్లవాడికి తన ఊహ నిజమవుతుందా లేదా అన్న టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షనే వాడి కళ్లను గిన్నె మీద నిలబెడుతుంది.

ఒకసారి రెండో తరగతిలో జరిగింది చెబుతాను. ఒక పాప "బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి" అని అందరి ముందు చాలా నమ్మకంగా చెప్పింది. క్లాసంతా ఒప్పుకుంది. నేను తప్పని అనలేదు. ఆటబంకమట్టి ముద్దను గోళీలా గుండ్రంగా చేసి వేయమన్నాను. మునిగింది. అదే ముద్దను తీసి, ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా, అంచులు పైకి లేచిన దొన్నెలా ఒత్తి నీళ్ల మీద పెట్టమన్నాను. మొదటిసారి పక్కకి ఒరిగి మునిగింది. రెండోసారి అంచులు ఇంకాస్త పైకి లాగింది. తేలింది. పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత దొన్నెను నీళ్లలోంచి తీసి అరచేతిలో పెట్టుకుని, ఇంకో చేతిలో మరో ముద్ద పట్టుకుని, రెండింటినీ పైకీ కిందకీ ఆడించి చూసుకుంది. "బరువు తగ్గలేదు టీచర్" అంది. ఆ రోజు అంతకంటే నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. దొన్నె ఆకారం ఎక్కువ నీటిని పక్కకు తోస్తుంది, తోసిన నీరు ఎంత ఎక్కువైతే అది పైకి నెట్టే బలం అంత ఎక్కువ అన్న వివరణ మర్నాడు చదివే పాఠంలో వచ్చింది.

ఇదే కృత్యాన్ని నాలుగో తరగతికి పెట్టాలంటే గిన్నెలో ఒక మంచు ముక్క వేయండి. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, అందుకే మంచు తేలుతుంది, అందులో పదింట తొమ్మిది వంతులు నీటి కిందే ఉంటాయి. ఆ ముక్కను పక్కనుంచి గాజు గ్లాసులో చూస్తే పిల్లలే ఆ సంగతి కనిపెడతారు.

మిగతా నాలుగు, నా అభిప్రాయంతో సహా

మూడో తరగతి నుంచి పైవాళ్లకి ఒక్కటే కృత్యం ఎంచుకోమంటే లోలకాన్ని ఎంచుకుంటాను. దారానికి రబ్బరో నట్టో కట్టి బల్ల అంచు నుంచి వేలాడదీస్తే చాలు. దేన్ని మారిస్తే ఊపు వేగం మారుతుంది? దాదాపు అందరూ బరువు అంటారు. ఒక నట్టు, రెండు నట్లు, మూడు నట్లు కట్టి లెక్కపెడతారు, ఊపుల సంఖ్య మారదు. అప్పుడు ఎవరో ఒకరు దారం పొడవు మారుస్తారు. దారం కట్టిన చోటు నుంచి బరువు మధ్య వరకు 25 సెంటీమీటర్లు ఉంటే ఒక పూర్తి ఊపుకి, అంటే అటు వెళ్లి తిరిగి మొదటి చోటుకి రావడానికి, సుమారు 1 సెకను పడుతుంది, అంటే నిమిషానికి 60. మీటరు పొడవైతే 2 సెకన్లు, నిమిషానికి 30. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలే అయిందన్నది ఐదో తరగతి పిల్లలకు తమ పట్టికలోనే దొరుకుతుంది. ఊపు చిన్నదిగా ఉండాలన్న జాగ్రత్త ఒక్కటి చెప్పండి. ఒకటి, రెండు తరగతులకు ఇది వద్దు. ఊపులు లెక్కపెడుతూ గడియారం చూడటం వాళ్లకి ఒకేసారి కుదరదు.

అయస్కాంతం అన్ని తరగతులకీ నప్పుతుంది. మెరిసేవన్నీ అంటుకుంటాయని పిల్లలు అనుకుంటారు. అల్యూమినియం, రాగి అంటుకోవు. స్టీలు చెంచాల్లోనూ కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు, అక్కడ మంచి చర్చ లేస్తుంది. అయితే మింగగలిగేంత చిన్నవి, బలమైనవి తరగతిలోకి తేకండి. రెండు మింగితే కడుపులో పేగుల గోడల్ని మధ్యలో పెట్టి అతుక్కుంటాయి, ప్రాణాపాయం. పిడికిలిలో పట్టేంత పెద్దవే వాడండి.

నీడ కొలవడానికి ఒక కర్ర, సుద్దముక్క, ఎండ ఉంటే చాలు. గంటకోసారి వెళ్లి గుర్తు పెట్టి వస్తారు. మధ్యాహ్నం దగ్గర నీడ పొట్టిదవుతుంది. మబ్బు పడితే ఆ రోజుకి అంతే. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదని ప్రతిసారీ చెప్పాలి.

గింజ మొలకెత్తించడం మీద కొందరు టీచర్లకి చిన్నచూపు ఉంది, అందరూ చేసేదేగా అని. నేను ఒప్పుకోను. చేతుల లెక్కలో చూస్తే దీన్ని మించింది లేదు, ఒక్కొక్కరికీ ఒక్కో గింజ. పారదర్శకమైన గ్లాసు లోపలి గోడకీ తడి కాగితానికీ మధ్య చిక్కుడు గింజను నిలబెడితే లోపల జరిగేదంతా కనిపిస్తుంది. ముందు వేరు బయటికొస్తుంది. గింజను ఎటు తిప్పి పెట్టినా వేరు కిందకే వంగుతుంది. వేరు కొంచెం పెరిగాక గ్లాసును పక్కకి పడుకోబెట్టమనండి, ఒకట్రెండు రోజుల్లో వేరు మలుపు తిరిగి మళ్లీ కిందకి పోతుంది. పాఠ్యపుస్తకంలోని బొమ్మ ఆ మలుపును ఇంతలా చూపించలేదు. దీని లోపం కూడా చెప్పాలి. మొదటి రెండుమూడు రోజులు ఏమీ జరగదు, పిల్లలు నీరసపడతారు. సెలవు రోజుల్లో కాగితం ఎండిపోతుంది, నీళ్లు ఎక్కువైతే బూజు పడుతుంది. గ్రూపుకో గింజ అదనంగా పెట్టండి, తన గింజ మొలవని పిల్లల ముఖం చూడలేం.

చదివించే పద్ధతుల్లో ఏది

ఇక్కడ నా అభిప్రాయం ఖరాఖండిగా చెబుతాను. ఒకరి తర్వాత ఒకరు లేచి ఒక్కో వాక్యం చదివే పద్ధతిని మానేయండి. లెక్క వేసి చూడండి. ముప్పై మంది, ముప్పై నిమిషాలు. ఒక్కొక్కరికి నిమిషం. మిగతా ఇరవై తొమ్మిది నిమిషాలు పిల్లలు తమ వంతుకి ఏ వాక్యం వస్తుందో వెతుక్కుంటూ దాన్నే లోలోపల వల్లె వేస్తుంటారు. కథ ఎవరికీ ఎక్కదు. తడబడే పిల్లలకైతే అది రోజూ జరిగే అవమానం.

అదే ముప్పై నిమిషాలు జంటలుగా చదివిస్తే ఒక్కొక్కరూ పదిహేను నిమిషాలు గొంతెత్తి చదువుతారు. క్లాసు గోలగా ఉంటుంది, పక్క గది నుంచి ఎవరైనా వచ్చి చూస్తే అదుపు తప్పిందనుకుంటారు. ఫర్వాలేదు. జంటల్ని కలిపేటప్పుడు మాత్రం బాగా చదివేవాళ్లనీ అస్సలు చదవలేనివాళ్లనీ ఒకచోట పెట్టకండి, ఒకరు విసుక్కుంటారు, ఇంకొకరు ముడుచుకుపోతారు. కాస్త తేడా ఉన్నవాళ్లు చాలు.

అందరూ కలిసి ఒకే గొంతుతో చదవడం బెరుకు పోగొట్టడానికి మంచిది. పెదవులు మాత్రమే ఆడించేవాళ్లు అందులో దాక్కోగలరు కాబట్టి, దాని తర్వాత జంట చదువు పెట్టాలి.

ఒకే చిన్న పేరాను ధారాళంగా వచ్చేదాకా మూడునాలుగు సార్లు చదివించే పద్ధతిని జే శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లో వివరించారు. అది పనిచేస్తుంది. అయితే "మళ్లీ చదువు" అంటే పిల్లలు ఎందుకని అడుగుతారు, వాళ్లకి కారణం కావాలి. చిన్న సంభాషణగా రాసి, పాత్రలు పంచి, రేపు పక్క తరగతి ముందు చదవాలని చెప్పండి. అడగకుండానే పదిసార్లు చదువుకుంటారు. గింజ, వేరు, నీరు, వెలుగు మాట్లాడుకునే సంభాషణ మీరే పది నిమిషాల్లో రాయొచ్చు.

ఎవరి పుస్తకం వాళ్లు నిశ్శబ్దంగా చదువుకునే సమయం గురించి ఒక మాట. 2000లో అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల బృందం చదవడం మీద జరిగిన పరిశోధనల్ని పరిశీలించి, టీచర్ ఏమీ నేర్పకుండా ఊరికే మౌనంగా చదవమని వదిలేస్తే ధారాళత పెరుగుతుందనడానికి తగిన ఆధారాలు దొరకలేదంది. మౌనంగా చదవడం పనికిరాదని దాని అర్థం కాదు. అప్పటికే చదవడం వచ్చినవాళ్లకి అది వరం. రానివాళ్లు బొమ్మలు చూస్తూ పేజీలు తిప్పుతారు. మూడో తరగతి దాకా పది నిమిషాలకి మించొద్దు, ఆ పది నిమిషాలూ మీరు తడబడే పిల్లల పక్కన కూర్చోండి.

టీచర్ చదివి వినిపించడాన్ని ఏ తరగతిలోనూ వదలకండి. పిల్లలు తమంతట తాము చదవలేని మాటలు, వాక్యాలు చెవుల ద్వారానే ముందు చేరతాయి. చదువుతూ మధ్యలో ఆగి ప్రశ్న అడిగినప్పుడు కాసేపు ఊరుకోండి. మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యావేత్త తరగతుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా ఆగలేకపోతున్నారని గమనించారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడనివాళ్లు మాట్లాడారు. ఖర్చు లేని మార్పు ఇది. మూడు సెకన్ల మౌనం భరించడం మొదట్లో నాకు చాలా కష్టమైంది, మనసులో అంకెలు లెక్కపెట్టుకునేదాకా వెళ్లాను.

ముందు ఏది

ప్రయోగం ముందా, పుస్తకం ముందా? 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. 64 మంది విద్యార్థులకు బేస్‌బాల్ ఆట గురించిన ఒక భాగం చదవమని ఇచ్చారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసినవాళ్లు, చక్కగా చదవగలిగినా ఆట తెలియనివాళ్ల కంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. చదివింది అర్థం కావడానికి అక్షరాలు కూడబలుక్కోవడం ఒక్కటే చాలదు, ఆ సంగతి ముందే కొంత తెలిసుండాలి. గిన్నెలో మట్టి దొన్నెను తేల్చిన పిల్లలకి మర్నాటి పాఠంలో "తేలడం", "ఆకారం", "పక్కకు తోయబడిన నీరు" అన్న మాటలు ఎదురైనప్పుడు, ఆ మాటల వెనక తమ చేతులు కనిపిస్తాయి. జాన్ గుత్రీ అనే విద్యా పరిశోధకుడు 1990లలో రూపొందించిన బోధనా పద్ధతి కూడా పిల్లల్ని ముందు నిజమైన వస్తువుల దగ్గరికి తీసుకెళ్లి, అక్కడ పుట్టిన ప్రశ్నలతో పుస్తకాల దగ్గరికి రప్పిస్తుంది.

కాబట్టి వస్తువు చేతికి అందేదైతే ప్రయోగమే ముందు. ముఖ్యంగా పిల్లల మనసులో ఒక తప్పుడు నమ్మకం గట్టిగా ఉన్నప్పుడు, బరువైనవన్నీ మునుగుతాయి లాంటిది, ముందే పుస్తకం చదివితే సరైన వాక్యం అప్పజెప్పి పాత నమ్మకాన్ని అలాగే దాచుకుంటారు. వస్తువు చేతికి అందనప్పుడు, అంటే గ్రహాలు, గుండె లోపలి భాగాలు, అంతరించిన జంతువులు లాంటివైతే, చదివి వినిపించడంతోనే మొదలుపెట్టండి. ఆ తర్వాత నమూనా చేయించండి. ఒకటో తరగతికి చిన్న కథ ముందు పెడితే ప్రశ్న దానంతటదే పుడుతుంది, అక్కడ ఈ నియమాన్ని నేను పట్టించుకోను.

మీ గదికి ఏది నప్పుతుంది

నీళ్లు గదిలోకి తెచ్చుకోవడం కష్టమైతే అయస్కాంతం, లోలకం. పీరియడ్ ముప్పై నిమిషాలే అయితే లోలకాన్ని రెండు రోజులకి విడగొట్టండి, మొదటి రోజు బరువు, రెండో రోజు పొడవు. ఒకే గదిలో రెండుమూడు తరగతులు కలిసి కూర్చుంటే గింజ అన్నిటికంటే అనుకూలం. చిన్నవాళ్లు రోజూ బొమ్మ గీస్తారు, మధ్యవాళ్లు ఒక వాక్యం రాస్తారు, పెద్దవాళ్లు వేరు పొడవు కొలిచి గ్రాఫు గీస్తారు. గింజ ఒక్కటే, పని మూడు రకాలు. చదవడం ఇంకా రాని పిల్లలు ఎక్కువుంటే ప్రతి వస్తువుకీ పేరు చీటీ అంటించండి. మేకు అన్న చీటీని మేకు పక్కనే పదిసార్లు చూసిన పిల్లలు ఆ మాటను గోడ మీద చార్టులో కూడా గుర్తుపడతారు.

వీటన్నిటికంటే నేను ఎక్కువగా వాడేది సూచన కార్డు. సైన్స్, చదవడం రెండూ ఒకే కాగితంలో ఇమిడే పద్ధతి ఇదే. నాలుగైదు చిన్న వాక్యాల్లో ప్రయోగం రాసి గ్రూపుకొకటి ఇస్తాను, నేను నోటితో ఏమీ చెప్పను. ఒకసారి గిన్నె, కాగితాలు పట్టే లోహపు క్లిప్ ఇచ్చి, కార్డు మీద "క్లిప్‌ను నీటిపై మెల్లగా పడుకోబెట్టండి" అని రాశాను. ఒక గ్రూపు "నీటిలో" అని చదువుకుంది. క్లిప్ వేశారు, మునిగింది, అయిపోయిందని చేతులు కట్టుకుని కూర్చున్నారు. పక్క గ్రూపులో క్లిప్ తేలుతోంది. మొదట క్లిప్పుల్ని మార్చుకున్నారు. తర్వాత గిన్నెలు మార్చుకున్నారు. చివరికి ఒక అబ్బాయి కార్డు మళ్లీ తీసి, వేలు పెట్టి ఒక్కో మాటే చదువుతూ "పై" దగ్గర ఆగిపోయాడు. "లో కాదురా, పై" అని అరిచాడు. ఆ రోజు విభక్తి పాఠం నేను చెప్పలేదు, క్లిప్ చెప్పింది. నీటి ఉపరితలం సాగదీసిన పలచటి పొరలా ప్రవర్తిస్తుంది, అడ్డంగా పడుకోబెడితే ఆ పొర క్లిప్‌ను మోస్తుంది. సబ్బునీటి చుక్క ఒకటి వేస్తే ఆ పట్టు సడలి మునిగిపోతుంది. చేతి వణుకు వల్ల కుదరకపోతే టిష్యూ కాగితం ముక్క మీద క్లిప్ పెట్టి నీటిపై వదలమనండి, కాగితం తడిసి కిందకి జారుతుంది, క్లిప్ పైనే ఉంటుంది.

రెండు వారాలు ఇలా చదివి చేశాక కార్డు రాసే పని పిల్లలకే ఇవ్వండి. ఒక గ్రూపు రాసిన కార్డును ఇంకో గ్రూపు చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు చేయాలి. రాసినవాళ్లు పక్కన నిలబడి చూడాలి, నోరు విప్పకూడదు. మొదటి కార్డుతో క్లిప్ దాదాపు ఎప్పుడూ మునుగుతుంది. రాసినవాళ్లు కార్డు వెనక్కి తీసుకుని, పెన్సిల్ నములుతూ కాసేపు చూసి, "పడుకోబెట్టండి" ముందు కొంచెం చోటు చేసుకుని "మెల్లగా" అని ఇరికిస్తారు.